ఆవు చుట్టూ సున్నపు గీత

మా గుండ్లవాగు పశుక్షేత్రంలో గొడ్లు మొదట్నుంచీ నెమ్మదిగానే ఉండేవి. ఆ సంగతి ప్రభుత్వానికి తెలియదు. మాకూ తెలియదనే చెప్పాలి. నెమ్మదిగా ఉన్నదాన్ని ఎవరు పట్టించుకుంటారు?

గొడవంతా ఒక గొడుగు వల్ల వచ్చింది.

ఒక ఎండాకాలం పెద్దాఫీసరు గారు తనిఖీకి వచ్చి, కారు దిగి, కొమ్ము వంకర తిరిగిన మా వంకకొమ్మావు మొహానికి ఎదురుగా గొడుగు టప్పున విప్పారు. అంతదాకా కర్రలా ఉన్నది ఉన్నట్టుండి గుడిసెంత అయితే ఎవరైనా ఉలిక్కిపడతారు. ఆవు ఒక్క గెంతు గెంతింది. ఆఫీసరు గారు ఒక్క అడుగు వెనక్కి వేశారు. ఆ అడుగు కింద పేడగుంత ఉంది.

ఆయన్ని బయటికి లాగకముందే ఆవు మళ్ళీ నెమరుకు కూర్చుంది. ఆఫీసరు గారు మాత్రం నెమ్మదించలేదు. విచారణ సంఘం వేశారు. సంఘం వాళ్ళు వచ్చి ఆవును చుట్టూ తిరిగి చూశారు, గుంత లోతు చూశారు, భోజనం చేశారు, 'పశువులలో అంతర్లీనముగా అశాంతి నెలకొని ఉన్నది' అని తేల్చారు. గుంతను 'సేంద్రియ అవరోధము' అని రాశారు. గొడుగు ప్రస్తావన ఎక్కడా రాలేదు.

పశు ప్రశాంతతా పథకం పుట్టింది అలా.

నేను ఆ క్షేత్రంలో పశువుల మనిషిని. పేరు మాలకొండయ్య. చదువు ఊరి బడితో సరి. మాట తక్కువ. మాట తక్కువ కావడం ఇంట్లో దుర్గుణమని మా ఆవిడ రోజూ చెబుతూనే ఉంటుంది. ఆఫీసులో అది అర్హత అవుతుందని మాత్రం మా ఇద్దరిలో ఎవరమూ అనుకోలేదు.

పథకం నేర్పడానికి పట్నం నుంచి కౌండిన్య గారని ఒక కుర్రాయన వచ్చాడు. ప్రశాంతతా సలహాదారు. పాలపాక ముందు మమ్మల్నందర్నీ కూర్చోబెట్టి, చాలా మెత్తగా మాట్లాడాడు.

"ప్రతి పశువు చుట్టూ కంటికి కనపడని ఒక వలయం ఉంటుంది. మీరు అందులో అడుగు పెడితే అది కదులుతుంది. వెనక్కి తగ్గితే ఆగుతుంది. ఆ వలయాన్ని గౌరవించండి. అరవకండి, తోక మెలిపెట్టకండి, కర్ర వాడకండి."

ఇందులో తప్పు పట్టేదేమీ లేదు. మా నాయన ఇదే సంగతి 'గొడ్డుకి ఎడమియ్యరా' అని ఒక్క ముక్కలో చెప్పేవాడు. భుజం పక్కన నిలబడి ఒక అడుగు ముందుకు వేస్తే ఆవు నడుస్తుంది, ఒక అడుగు వెనక్కి వేస్తే నిలబడుతుంది. తోక వెనకాల దానికి కంటి చూపు ఆనదు. అక్కడికి చప్పుడు చేయకుండా పోతే తన్నేది దాని తప్పు కాదు. కుర్రాయన చెప్పింది నిజం. కాకపోతే నిజం మా భుజంగరావు గారి చెవిన కూడా పడింది.

భుజంగరావు గారు మా క్షేత్రాధికారి. మనిషి చెడ్డవాడు కాదు. ఆయన జీవితంలో భయపడేది రెండింటికే: ఆడిట్‌కి, బదిలీకి.

"కనపడని వలయాన్ని ఆడిట్ వాళ్ళకి ఎలా చూపిస్తామండీ కౌండిన్య గారూ?" అన్నారు.

"కనపడదు సార్. అదొక భావన."

"భావనకి బిల్లు పాసవదు. పథకం అమలయినట్టు క్షేత్రస్థాయిలో కనపడవలె. కనపడని దానిని కనపడునట్లు చేయుటయే పరిపాలన." ఆలోచించి, గోడకి వేయగా మిగిలిన సున్నం బస్తాల వైపు చూశారు. "గీయించండి."

మొదట ఆ పని అంకమ్మకి ఇచ్చారు. అంకమ్మ పాలు పితికే మనిషి. రోజుకూలీ. క్షేత్రంలో నాకంటే పాతది. రోజూ వాకిట్లో ముగ్గేసే చెయ్యి కదా అని పురమాయించారు. ఆమె ఆవు చుట్టూ గీత గీసి, ఊరికే వదిలితే బోసిగా ఉంటుందని నాలుగు వైపులా తామరపూలు కూడా పెట్టింది. భుజంగరావు గారు వచ్చి చూసి, "అలంకరణ ఉన్నది, శాస్త్రీయత లోపించినది" అన్నారు.

"తామరలు తీసేసి పద్మాలేయమంటారా?" అని అడిగింది అంకమ్మ.

ఆ మాటతో ఆ పని ఆమె చేతిలోంచి పోయింది. మాట్లాడని మనిషి కావాలన్నారు. అందరూ నా వైపు చూశారు. నేను ఏమీ అనలేదు. అదే నన్ను పట్టిచ్చింది. మర్నాటికి నేను వలయకర్తని. అడుగున చిల్లులు పొడిచిన డబ్బా ఒకటి, సున్నం, తాడు, మేకు ఇచ్చారు.

పొద్దున్నే మంద దొడ్డిలో నిలబడి నెమరేస్తూ ఉంటుంది కదా, ఒక్కొక్క దాని చుట్టూ గీసుకుంటూ పోయాను. అప్పుడు బయటపడింది అసలు సంగతి. గొడ్డు కన్ను మన కన్ను లాంటిది కాదు. నేల మీద తెల్లగా అడ్డగీత కనపడితే అది గీతో, గుంతో, పామో తల వంచి వాసన చూస్తే తప్ప దానికి తేలదు. చూసినా నమ్మకం కుదరదు. వంకకొమ్మావు గీత దాకా వచ్చింది, తల దించింది, బుస్సుమంది, వెనక్కి పోయి నిలబడింది. అది మందకి పెద్ద. అది ఆగిందంటే అన్నీ ఆగినట్టే. మధ్యాహ్నానికి దొడ్డిలో గొడ్లన్నీ ఎక్కడి గీతలో అక్కడ బొమ్మల్లా నిలబడి ఉన్నాయి. మేతకి పోవు, నీళ్ళకి పోవు, ఒకదాన్నొకటి చూసుకుంటూ అరుస్తాయి.

భుజంగరావు గారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సంతోషంతో.

"చూశారా! సంపూర్ణ ప్రశాంతత! ఒక్కటీ కదలడం లేదు."

"అరుస్తున్నాయి కదండీ?" అన్నాడు కౌండిన్య మొహమాటంగా.

"అది భావ వ్యక్తీకరణ."

ఆ కుర్రాయనకి అది నచ్చలేదని మొహం చూస్తే తెలుస్తుంది. కానీ సాయంత్రానికి రాజధాని నుంచి ఫోనులో శభాష్ అన్నారు. దాంతో ఆయనకీ అందులో శాస్త్రం కనపడడం మొదలైంది.

వారంలో వలయ నియమావళి వచ్చింది. భుజంగరావు గారు స్వయంగా రాశారు. అది పాలపాక గోడకి అంటించారు. ముఖ్యమైనవి చెబుతాను. వలయం లోపల ఉన్నది పశువు, వెలుపల ఉన్నది సిబ్బంది. సిబ్బంది వలయము దాటరాదు. దాటినవారికి రెండు మార్లు హెచ్చరిక, మూడవ మారు ఉద్వాసన. పశువును దాని ఇచ్ఛకు విరుద్ధముగా వలయము నుండి కదిలించరాదు. పశువు భంగిమ మారినచో వలయమును తిరిగి గీయవలెను.

"మరి పాలు ఎట్టా పితకాల? గాజులోడికి చాపినట్టు దూరంనుంచే చెయ్యి చాపాలా?" అంది అంకమ్మ.

దానికీ దారి కనిపెట్టారు. అనుమతి. పితికే మనిషి గీత బయట నిలబడి, చేతులు కట్టుకుని, 'పాలు పితుకుటకు అనుమతి ఇవ్వగలరు' అని మూడు మార్లు అడగాలి. పశువు తల ఊపితే సమ్మతించినట్టు. అప్పుడే లోపలికి పోయే వీలు, అదీ ఆ పూటకే. ఆవుని 'నువ్వు' అనాలా 'మీరు' అనాలా అనే దాని మీద ఒక పూట చర్చ జరిగింది. గౌరవ వాచకమే ఖాయం చేశారు.

"నా మొగుణ్ణే ఏనాడూ మీరు అనలా," అంది అంకమ్మ. "అయినా ఈ వంకకొమ్ము నా కంటే గొప్ప ఇంటిది లే, అంటాను."

గొడ్డు తల ఎందుకు ఊపుతుంది? చెవి మీద ఈగ వాలితే ఊపుతుంది. ఈగలున్న ఆవులు వెంటనే అనుమతి ఇచ్చేవి. లేనివి సాయంత్రమైనా ఇచ్చేవి కావు. అందుకని ఈగలు తోలడం నిషేధించారు. చాలకపోతే చెవులకి బెల్లం నీళ్ళు చల్లమన్నారు. ఈగలు రోగాలు తెస్తాయని మా పశువుల డాక్టరు గారు అడ్డం చెప్పారు. ఆయనలో ప్రశాంతత తక్కువగా ఉందని గుర్తించి, పొరుగు జిల్లాలో శిక్షణకి పంపించారు. పాలు సగానికి పడ్డాయి. 'పశువులు సంతృప్తస్థితికి చేరుకున్నందున ఉత్పత్తి పట్ల ఆసక్తి చూపుట లేదు' అని నివేదిక పోయింది. పైవాళ్ళు చాలా సంతోషించారని విన్నాను.

అంకమ్మకి మొదటి హెచ్చరిక పిడుదు పురుగు వల్ల వచ్చింది. వంకకొమ్మావు చెవిలో చేరి నెత్తురు తాగుతుంటే చూడలేక, అడక్కుండా లోపలికి పోయి పీకేసింది. రెండోది తాడు వల్ల. ఆ కొమ్ముకే తాడు చిక్కుకుని ఆవు గింజుకుంటుంటే విప్పింది.

"గమ్మునుండరాదా?" అన్నాను. నాకది పెద్ద ప్రసంగం.

"నువ్వుండావుగా గమ్మునుండేదానికి," అంది. తర్వాత గొంతు తగ్గించి, "అన్నా, ఇంకోటి పడితే ఎల్లగొడతారు. ఇన్నేళ్ళ నుంచి పర్మినెంటు చెయ్యమని తిరగతా ఉండా. పోయినప్పుడల్లా ఖాళీ నంబరు లేదమ్మా అంటారు ఈ సారు. దూడ పుట్టిన వారానికి చెవికి నంబరు పడుద్ది. నాకు పడలా. ఇప్పుడు ఉన్న కూలి కూడా పోతే నా బతుకేంది?" అంది.

నేను డబ్బాలో సున్నం పోసుకున్నాను.

వంకకొమ్మావు నిండు చూలు. తోక మొదట్లో గుంటలు పడ్డాయి, పొదుగు బిగిసింది. సరిగ్గా ఆ రోజుల్లోనే పశుశాఖ సంచాలకుల వారి రాక ఖాయమైంది. రాష్ట్రం మొత్తానికి నమూనా క్షేత్రంగా మమ్మల్ని ప్రకటించేందుకు వస్తున్నారట. భుజంగరావు గారు గేటు దగ్గర హారను నిషేధించారు, కాకుల్ని తోలించారు, చెప్పుల చప్పుడు పశువులకి ఇబ్బందని అందరినీ మేజోళ్ళతో నడవమన్నారు. మేజోళ్ళు లేని మేము ఉత్తకాళ్ళతో నడిచాం. ఎప్పుడూ నడిచేది అలాగే.

సంచాలకుల వారు వచ్చే రోజు పొద్దున్నే వంకకొమ్మావు నొప్పులు పడింది.

నేను పోయేసరికి అది గీతలో పడుకుని ఉంది. అంకమ్మ గీత బయట గొంతుక్కూర్చుని చూస్తోంది. దూడ ముంగాలు ఒక్కటే బయటికి వచ్చింది. రెండోది రాలేదు. ఆవు ముక్కుతోంది, ఆగుతోంది, మళ్ళీ ముక్కుతోంది. కాలు వస్తోంది, లోపలికి పోతోంది.

"రెండో కాలు ఎనక్కి మడిసింది," అంది అంకమ్మ. "లోపలికి నెట్టి సరి చెయ్యాల. ఇట్టాగే ముక్కితే దూడ పోద్ది. దూడతో పాటు ఇదీ పోద్ది."

"డాక్టరు గారు?"

"పక్క జిల్లాలో ప్రశాంతంగా ఉండాడు."

భుజంగరావు గారు మేజోళ్ళతో చప్పుడు లేకుండా వచ్చారు. వెనకాల కౌండిన్య. ఇద్దరి మొహాలూ పెళ్ళివారి రాక కోసం ఎదురుచూసే మొహాలు.

"సారూ, లోపలికి పోనీయండి," అంది అంకమ్మ.

"నియమము ఏమి చెబుతున్నది? అనుమతి కోరుము."

అంకమ్మ లేచి నిలబడింది. చేతులు కట్టుకుంది. "అమ్మా వంకకొమ్మూ, లోపలికి రావడానికి తమరు అనుమతి ఇవ్వగలరు," అంది. రెండోసారీ అంది. మూడోసారి సగంలోనే ఆగింది. ఆవు తల నేలకి ఆనించి పడుకుంది. ఊపలేదు.

"ఈగలు లేవా?" అన్నారు భుజంగరావు గారు కంగారుగా.

"సంచాలకుల వారి కోసం తమరే తోలించారు కదండీ, కాకులతోపాటు," అన్నాడు కౌండిన్య.

"అయితే సమ్మతి లేదు. సమ్మతి లేని ప్రవేశము అతిక్రమణ. అమ్మా అంకమ్మా, నీకిది మూడవది. సంచాలకుల వారు దారిలో ఉన్నారు. ఈ రోజు నా క్షేత్రంలో అతిక్రమణ జరిగిందంటే నీతోపాటు నేనూ పోతాను. నిన్ను ఇంటికి పంపుతారు, నన్ను ఎక్కడికి పంపుతారో నీకు తెలియదు."

"నాకు ఇల్లయినా ఉంది పోయేదానికి. ఆ దూడకేవుంది సారూ?" అంది అంకమ్మ. చీరకొంగు బొడ్లో దోపింది. పోతుందని నాకు తెలిసిపోయింది. పోతే దూడ బతుకుతుంది, ఆమె కూలి పోతుంది. పోకపోతే కూలి ఉంటుంది. కానీ రేపట్నుంచి ఈ మనిషి ఈ దొడ్డిలో ఎలా తిరుగుతుంది?

నేను డబ్బా తీసుకున్నాను.

"సార్, ఈ వలయం పాతది," అన్నాను. "ఆవు నిలబడి ఉన్నప్పుడు గీసింది. ఇప్పుడు పడుకుంది. భంగిమ మారింది. తిరిగి గీయాలి."

భుజంగరావు గారు నా వైపు చూశారు. నేను ఒక్కసారే అన్ని మాటలు మాట్లాడటం ఆయన చూడలేదు. పైగా అది ఆయన రాసిన నియమమే. "గీయుము. వేగముగా గీయుము. వారు వచ్చుసరికి కొత్త గీత మెరవవలె," అన్నారు.

పాత గీతని కాలితో చెరిపేశాను. కొత్త గీత ఆవు తల ముందు నుంచి మొదలుపెట్టాను. వీపు పక్కనుంచి తీసుకొచ్చి, తోక దాటి, ఇంకాస్త వెడల్పుగా తిప్పి, అంకమ్మ మడమల వెనకనుంచి పోనిచ్చి, మళ్ళీ తల దగ్గరికి తెచ్చి కలిపేశాను. గీత కలవగానే అంకమ్మకి అర్థమైంది. నా వైపు చూడను కూడా చూడలేదు. ఆవు వెనక మోకాళ్ళ మీద కూర్చుని, పక్కనే తెచ్చి పెట్టుకున్న నూనె చేతికి రాసుకుంది.

"ఏమిటిది? ఆమె లోపలికి వెళ్ళింది!" అన్నారు భుజంగరావు గారు, గుసగుసగా. గట్టిగా అరవడం నియమ విరుద్ధం.

"వెళ్ళలేదు సార్. ఉన్నచోటనే ఉంది. గీతే వెనకనుంచి వచ్చింది."

"దాటలేదా?"

"అడుగు తీసి అడుగు వేయలేదు సార్. తమరూ చూస్తున్నారు కదా."

ఆయన కౌండిన్య వైపు చూశారు. కౌండిన్య కాసేపు నియమావళి చూసి, "దాటితేనే అతిక్రమణ సార్," అన్నాడు. ఆ కుర్రాయన మొహంలో రంగు తిరిగి వచ్చింది. ఆయన కూడా ఆవు వైపే చూస్తున్నాడు చాలాసేపట్నుంచి.

అంకమ్మ ఆవు ముక్కడం ఆగేదాకా ఆగి, వచ్చిన కాలుని నెమ్మదిగా లోపలికి నెట్టింది. "ఉండమ్మా, ఉండు నా తల్లీ, గాబరా పడమాక" అని దానితో మాట్లాడుతూనే ఉంది. మడిచిన కాలు దొరకబుచ్చుకుని, గిట్ట అరచేతిలో మూసి పట్టి, ముందుకు తెచ్చింది. ఈసారి ఆవు ముక్కినప్పుడు రెండు గిట్టలు, వాటి మీద ముట్టె కనపడ్డాయి. ఆవుతోపాటు తనూ కిందికి లాగింది. దూడ జారి నేల మీద పడింది. కదల్లేదు. అంకమ్మ దాని ముక్కులో జిగట తీసి, గడ్డిపరక పెట్టి పొడిచింది. దూడ తుమ్మింది.

ఆ తుమ్ముకీ, గేటు దగ్గర కార్లు ఆగడానికీ సరిపోయింది.

సంచాలకుల వారు మేజోళ్ళతో నడుచుకుంటూ వచ్చారు. వెనక పదిమంది మేజోళ్ళు. ఒక్కో వలయం చూసి తల ఊపుతున్నారు. వంకకొమ్మావు దగ్గర ఆగారు. గీత లోపల ఆవు దూడని నాకుతోంది. పనిలో పనిగా అంకమ్మ చెయ్యి కూడా నాకుతోంది.

"లోపల ఉన్నది ఎవరు?" అన్నారు సంచాలకుల వారు.

నేను చాలా నిశ్శబ్దాలు చూశాను. కొన్ని నావే. ఇది వేరు. సిబ్బంది అని చెబితే వలయంలో మనిషి ఉన్నట్టు, నమూనా క్షేత్రం పోయినట్టు, బదిలీ వచ్చినట్టు. భుజంగరావు గారు గోడ మీది నియమావళి వైపు చూశారు. ఆయన్ని ఆదుకున్నది ఆయన నియమావళే.

"వలయం లోపల ఉన్నది పశువు సార్," అన్నాడు కౌండిన్య, పుస్తకం చదివినట్టు.

"అవును సార్," అన్నారు భుజంగరావు గారు ఊపిరి పీల్చుకుని. "నిర్వచనము ప్రకారము... పశువే."

సంచాలకుల వారు అంకమ్మని కింది నుంచి పైదాకా చూశారు. పైకి ఎదిగిన అధికారి. నియమాన్ని ఎదురుగా పెట్టుకుని కళ్ళని నమ్మే రకం కాదు. "ప్రశాంతముగానే ఉన్నది," అన్నారు. ఆ తర్వాత నుదురు చిట్లించారు. "చెవికి నంబరు ఏది?"

"అది... ఇంకా..."

"ఎంతకాలము నుండి ఉన్నది ఈ క్షేత్రంలో?"

"నా పెద్దపిల్ల పుట్టకముందు నుంచి ఉండా సారూ," అంది అంకమ్మ.

"ఇన్నేళ్ళుగా నంబరు లేకుండా క్షేత్రములో పశువు ఉన్నదా! ఇది ఎంత తీవ్రమైన నిర్లక్ష్యమో మీకు తెలియుచున్నదా భుజంగరావు గారూ? రేపు ఆడిట్ వారు వచ్చి లెక్క చూసిన?"

ఆడిట్ అనే మాటకి భుజంగరావు గారు చేతులు కట్టుకున్నారు. "ఈ క్షణమే సార్," అన్నారు.

నంబరు బిళ్ళ తెచ్చారు. పసుపురంగుది. బిళ్ళ కొట్టే పటకారు కూడా తెచ్చారు.

"చెవికా?" అంది అంకమ్మ రెండు చెవులూ మూసుకుని. "ఆ పటకారు నా దగ్గరికి తెస్తే మీ ప్రశాంతత సంగతి చూస్తా!"

"పశువు ఇచ్ఛకు విరుద్ధముగా వద్దు," అన్నారు సంచాలకుల వారు ఉదారంగా. "మెడలో కట్టండి."

అలా అంకమ్మకి నంబరు పడింది. పక్కనే, అదే పూట, దూడకీ పడింది. దూడది అంకమ్మ తర్వాతి నంబరు.

ఆ రోజు నుంచి ఆమె రోజులు తిరిగాయి. క్షేత్రంలో ఉన్న పశువుకి ఉద్వాసన చెప్పడానికి వీల్లేదు. ఎండకి నీడ, చలికి గోనెపట్ట, నెలకోసారి ఆరోగ్య పరీక్ష ఇవ్వాలని పాత చట్టంలోనే ఉంది. కూలిమనిషిగా ఉన్నన్నేళ్ళూ ఆమెకి లేనివి అవి. మేతకి బదులు బియ్యం ఇమ్మని అడిగితే 'గింజ మేత' కింద మంజూరు చేశారు. వలయం లోపలి పశువు పక్క పశువు పాలు పితకరాదని నియమం లేదు కనక, అంకమ్మ గీతలో కూర్చుని ఏ ఆవునీ ఏమీ అడక్కుండా పితికేది. నేను పొద్దున్నే ఆమెనీ ఆవునీ కలిపి గీసేవాణ్ణి.

మిగిలిన కూలీలు నా చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. "మాలకొండయ్య మామా, నా చుట్టూ కూడా ఒకటి లాగు" అని. గడ్డి కోసేవాళ్ళు, పేడ ఎత్తేవాళ్ళు, కాపలావాళ్ళు, ఒకరి తర్వాత ఒకరు పోయి ఏదో ఒక ఆవు పక్కన కదలకుండా నిలబడేవాళ్ళు. నా పని గీయడం. గీశాను.

ఆ ఏడు మా క్షేత్రంలో పశుసంపద బాగా పెరిగిందని భుజంగరావు గారికి శాలువా కప్పారు. అంతా బాగానే ఉండేది కానీ, పైనున్న ఎవరో పశువులు పెరిగి పాలు పెరగలేదేమని అడిగారు. అదనపు పశువుల్ని లెక్కలోంచి తీసేయమన్నారు. లెక్కలోంచి పశువు పోవాలంటే రెండే దారులు. చావాలి, లేదా వేలంలో అమ్ముడుపోవాలి. వేలం వేశారు. బేరగాళ్ళు ఇద్దరు వచ్చారు. నంబరు పిలిస్తే అంకమ్మ వచ్చి నిలబడింది. వాళ్ళలో ముసలాయన అలవాటు కొద్దీ, "పళ్ళెన్ని?" అన్నాడు.

"దగ్గరికి రా, నీయి ఎన్ని మిగులుతాయో చెబుతా," అంది అంకమ్మ.

ఆమె మొగుడు కూడా వచ్చాడు వేలానికి. మీరు పాడతారా అని అడిగితే, "ఇంటికి తోలుకుపోయి నేనేం ఏగను బాబూ, ఇక్కడే మేపండి," అన్నాడు. పాడేవాళ్ళు లేక పాట రద్దయింది. అమ్ముడుపోని పశువుని క్షేత్రంలోనే శాశ్వతంగా ఉంచవలెనని నియమం. శాశ్వతం అనే మాట కాగితం మీద చూసి అంకమ్మ ఆ పూట అందరికీ బెల్లం పంచింది. ఆవుల చెవులకి చల్లడానికి తెచ్చిందాంట్లో మిగిలిందే.

లెక్క తగ్గలేదని పైవాళ్ళకి వచ్చిన కోపమంతా పోయి భుజంగరావు గారి మీద పడింది. బదిలీ వచ్చింది. ఎక్కడో అడవుల్లో పందుల క్షేత్రానికి.

మర్నాడు పొద్దున జీపు వచ్చి ఆఫీసు ముందు నిలబడింది. భుజంగరావు గారు తన కుర్చీ తనే మోసుకుంటూ దొడ్డిలోకి వచ్చారు. వంకకొమ్మావుకి కాస్త పక్కగా వేసుకుని కూర్చున్నారు.

"మాలకొండయ్యా," అన్నారు. ఇన్నేళ్ళలో ఆయన నన్ను అంత మెత్తగా పిలవలేదు. "నా చుట్టూ కూడా ఒకటి..."

గీశాను. ఆయన గీత వైపు చూసి, కళ్ళు మూసుకుని, "ఇచ్ఛకు విరుద్ధముగా కదిలించరాదు," అని తనలో తను అనుకున్నారు. డ్రైవరు గీత దాకా వచ్చి, గోడ మీది నియమావళి చదివి, వెనక్కి పోయి జీపులో పడుకున్నాడు.

మధ్యాహ్నం మబ్బు పట్టింది. ఆ ఏటి మొదటి వాన. పెద్ద చినుకులతో మొదలై దొడ్డంతా తెల్లటి నీళ్ళు పారాయి. వాన వెలిసేసరికి నేల మీద ఒక్క గీత లేదు.

వంకకొమ్మావు తల దించి వాసన చూసింది. ఒక కాలు ముందుకు వేసింది. ఏమీ కాలేదు. ఇంకో కాలు వేసింది. గేటు తీసే ఉంది. అది నడిచింది, దాని వెనక దూడ, దాని వెనక మందంతా. ఎవరూ అదిలించలేదు, ఎవరూ అనుమతి అడగలేదు. మెడలో పసుపు బిళ్ళ ఊగుతుంటే అంకమ్మ మంద పక్కనే, భుజాలకి కాస్త ఎడంగా నడుచుకుంటూ వాగు వైపు పోయింది.

దొడ్డిలో భుజంగరావు గారు ఒక్కరే మిగిలారు. నిలువెల్లా తడిసి కుర్చీలో కూర్చుని ఉన్నారు.

"గీత ఉందా?" అన్నారు కళ్ళు తెరవకుండా.

"లేదు సార్."

"ఉన్నట్లే భావించుము."

నాకు జాలేసింది. తడిసిన గొడ్డుని నీడకి చేర్చడం మా పని. అక్కడికి దగ్గర్లో ఉన్న నీడ జీపే. గీత ఉండాల్సిన చోటికి ఇవతల నిలబడి, చేతులు కట్టుకున్నాను.

"నీడకి తీసుకుపోవుటకు అనుమతి ఇవ్వగలరు," అన్నాను. ఆయన కదల్లేదు. రెండోసారి అన్నాను. మూడోసారి అన్నాను.

వాన వెలిశాక ఈగలు లేస్తాయి. ఒకటి వచ్చి ఆయన చెవి మీద వాలింది. భుజంగరావు గారు తల ఊపారు.

నేను పోయి ఆయన భుజం పక్కన నిలబడి, ఒక అడుగు ముందుకు వేశాను. ఆయన లేచి నెమ్మదిగా నడిచారు.